సామాను కట్టాక డెబ్బై దాటితే బండి ఊగుతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ప్రశ్న

అందరికీ నమస్కారం. బండి నడపడం ఎనిమిదేళ్లుగా అలవాటే కానీ, టెంట్ వేసుకుని తిరగడం ఈ మధ్యే మొదలుపెట్టాను. వచ్చే నెల ఒక్కడినే ఆరు రోజులు వెళ్దామనుకుంటున్నాను. అందుకని పోయిన ఆదివారం సామానంతా కట్టి ఓ యాభై కిలోమీటర్లు తిరిగి చూశాను.

యాభైలో బాగానే ఉంది. డెబ్బై దాటగానే హ్యాండిల్ చేతిలో తేలికైపోయింది, ముందు చక్రం రోడ్డుని సరిగ్గా పట్టుకోనట్టు అనిపించింది. పక్కనుంచి లారీ వెళ్తే బండి మొత్తం అటూ ఇటూ ఊగింది. భయమేసి నెమ్మదిగా వెనక్కి వచ్చేశాను. అప్పటి నుంచి అదే టెన్షన్.

నాది 200 సీసీ బండి. వెనక క్యారియర్ మీద టాప్ బాక్స్ ఉంది. అందులో టూల్స్, స్టవ్, గ్యాస్ డబ్బా, గిన్నెలు, 5 లీటర్ల నీళ్ల క్యాన్ పెట్టాను. బాక్స్ ముందు, వెనక సీటు మీద పెద్ద సంచి నిలువుగా నిలబెట్టాను. టెంట్, స్లీపింగ్ బ్యాగ్, పరుపు అందులో ఉన్నాయి. బట్టలు, కెమెరా వీపున బ్యాగులో. అన్నిటినీ నాలుగు బంజీ తాళ్లతో కట్టాను. బరువు తూచలేదు.

టైర్లు మార్చాలా? సైడ్ బ్యాగులు కొనాలా? అసలు ఈ బండి ఈ పనికి సరిపోదా? తెలిసినవాళ్లు చెప్పండి.

1వ జవాబు

బండికేం కాలేదండీ, సరిపోతుంది. బరువు ఉండకూడని చోట ఉంది, అంతే.

మీ సామానులో బరువైనవి టూల్స్, నీళ్లు, స్టవ్, గిన్నెలు. ఆ నాలుగూ బాక్సులోనే ఉన్నాయి. ఆ బాక్సేమో వెనక చక్రం ఇరుసు దాటి, బాగా ఎత్తులో కూర్చుంది. చిన్న లెక్క చెప్తాను. బాక్స్ 12 కిలోలు, ఇరుసుకి 30 సెంటీమీటర్లు వెనక ఉంది, రెండు చక్రాల మధ్య దూరం 135 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు వెనక చక్రం మీద పడేది 12 కిలోలు కాదు, దాదాపు 14.7. ఆ పైన 2.7 ముందు చక్రం మీంచి లేచిపోయిన బరువు. బండి నిలబడి ఉన్నప్పటి సంగతి ఇది. వేగం పెరిగాక ఎదురుగాలి కూడా ముందు భాగాన్ని తేలిక చేస్తుంది. మీ చేతికి తెలిసింది అదే.

ఊగడానికి ఇంకో కారణం క్యారియర్. సన్నటి గొట్టాలతో చేసింది కాబట్టి ఎంతో కొంత వంగుతుంది. దాని చివర బరువు పెడితే లారీ గాలికి ముందు బాక్స్ కదులుతుంది, దాని వెనకే బండి కదులుతుంది. అలా ఊగినప్పుడు హ్యాండిల్‌ని గట్టిగా బిగించి పట్టుకోకండి, బ్రేకు టక్కున తొక్కకండి. చేతులు వదులుగా ఉంచి, మోకాళ్లతో ట్యాంకును పట్టి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి.

క్యారియర్ ఎంత మోయగలదో దాని మీదో, బండి మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది. చాలా వాటికి ఆ అంకె మనం అనుకునేదాని కంటే బాగా తక్కువ. బాక్స్ సొంత బరువు కూడా అందులోకే వస్తుంది. నేను ఈ సంగతి పట్టించుకోకుండా రెండేళ్లు తిరిగాను. ఓ సాయంత్రం టెంట్ వేసే చోట బాక్స్ విప్పుతుంటే, క్యారియర్ ఫ్రేముకి కలిసే చోట నల్ల పెయింట్ మీద వెంట్రుకంత గీత కనిపించింది. గోరుతో గీకితే గీత వెంబడి తుప్పు పొడి రాలింది. చేత్తో పైకి ఎత్తి చూశాను, గీత నోరు తెరిచింది. వెల్డింగ్ సగానికి పైగా విడిపోయింది. మర్నాడు బాక్సులోని బరువంతా తీసి సీటు మీద కట్టుకుని, నలభై దాటకుండా 110 కిలోమీటర్లు వచ్చాను. మీది కూడా ఇవాళే ఒకసారి టార్చి వేసి చూడండి, ముఖ్యంగా బోల్టులు పట్టే చోట్ల.

ముందు తూకం వేయండి. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ చాలు. సంచి పట్టుకుని ఎక్కండి, మీ బరువు తీసేయండి. తర్వాత మాన్యువల్‌లో బండి మొత్తం మీద ఉండదగ్గ గరిష్ఠ బరువు చూడండి. ఉదాహరణకి అది 300 కిలోలు, నిండు ట్యాంకుతో బండి 150 అయితే మీకు మిగిలేది 150. అందులో మీరు 75, హెల్మెట్, జాకెట్, బూట్లు ఓ 8. ఇక 67 ఉంది. ఒక్కరికి ఇది బాగా ఎక్కువే. వెనక ఇంకొకరు కూర్చున్నారంటే మాత్రం దాదాపు ఏమీ మిగలదు. అందుకే ఇద్దరు వెళ్లేటప్పుడు టెంట్ సామాను అంత కష్టం.

టైరు మార్చక్కర్లేదు. పక్కన సైజు తర్వాత 57పీ లాంటిది ఒకటి రాసి ఉంటుంది, చూడండి. 57 అంటే ఆ టైరు 230 కిలోలు మోస్తుంది, పీ అంటే గంటకి 150 కిలోమీటర్ల వరకూ పనికొస్తుంది. అయితే ఆ 230 సరైన గాలి ఉన్నప్పుడే. చైన్ కవర్ దగ్గరో, మాన్యువల్‌లోనో ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అని రెండు అంకెలు ఉంటాయి. సామానుతో వెళ్లేటప్పుడు ఇద్దరి అంకె పెట్టుకోండి, టైరు చల్లగా ఉన్నప్పుడు. వెనక షాక్ అబ్సార్బర్ స్ప్రింగ్ కూడా ఒకటి రెండు మెట్లు బిగించండి. సామాను ఎక్కాక వెనక భాగం కూలబడితే హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది. అన్నీ ఎక్కించి, మీరు కూర్చున్నాక చైన్ వదులు ఎంతుందో ఇంకొకర్ని చూడమనండి.

ఇక దేన్ని ఎక్కడ పెట్టాలంటే, సైడ్ బ్యాగులు కొనండి. మీ మిగతా ప్రశ్నలన్నిటికీ అదే సగం జవాబు. టూల్స్, స్టవ్, గిన్నెలు వాటిలో అడుగున, వీలైనంత ముందుకి, మీ మడమల దగ్గరకి రావాలి. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి, కిలో తేడా వచ్చినా నాకు తెలిసిపోతుంది. సైలెన్సర్ వైపు బ్యాగు తగలకుండా రేకు అడ్డం తప్పనిసరి. గ్యాస్ డబ్బా ఆ వైపు వద్దు. 50 డిగ్రీల కంటే వేడి తగలకూడదని దాని మీదే రాసి ఉంటుంది. స్టవ్ నుంచి విప్పి, రెండో వైపు బట్టల మధ్య పెట్టండి. నీళ్లు మాత్రం ఉదయం నుంచీ మోయకండి, 5 లీటర్లంటే 5 కిలోలు. దారిలో తాగడానికి ఒక సీసా ఉంచుకుని, క్యాన్ ఖాళీగా తీసుకెళ్లి, చివరి పది కిలోమీటర్ల ముందు నింపుకోండి.

వెనక సీటు మీద సంచి అడ్డంగా పడుకోబెట్టండి. అందులో తేలికవి, లావుగా ఉండేవి. టాప్ బాక్స్ ఉండనివ్వండి, కానీ రెయిన్‌కోటు, చేతి గ్లవ్స్ లాంటివి తప్ప ఇంకేం వద్దు.

వీపు బ్యాగు ఇంట్లో పెట్టేయండి. నాలుగు గంటలయ్యేసరికి భుజాలు పీకుతాయి, అది చిన్న విషయం. పడితే వెన్ను కింద కెమెరా ఉంటుంది. అది చిన్న విషయం కాదు.

2వ జవాబు

పైన చెప్పినదంతా నిజం. నేను తాళ్ల గురించి మాత్రం చెప్తాను, ఎందుకంటే ఆ నాలుగు బంజీలు చదవగానే నాకు గుండె జారింది.

బంజీ సాగుతుంది. సాగేది సామానును కదలకుండా పట్టలేదు. గతుకు వచ్చిన ప్రతిసారీ సంచి పైకి లేచి కూర్చుంటుంది, ఒక్కో దెబ్బకీ కాస్త పక్కకి జరుగుతుంది. పైగా ఆ కొక్కెం లాగి పెట్టేటప్పుడు చేయి జారితే తిన్నగా ముఖం మీదకే వస్తుంది. నా స్నేహితుడికి కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. ఇంకో అంగుళం కిందైతే కన్ను.

చదునైన నైలాన్ పట్టీలు కొనండి, నొక్కితే వదిలే కట్టు ఉన్నవి. పళ్ల చక్రంతో బిగించే రాచెట్ పట్టీలు వద్దు, లారీ సరుకుకి అవి బాగుంటాయి కానీ మన సంచుల్నీ ప్లాస్టిక్ భాగాల్నీ నలిపేస్తాయి. ఒక్కో సంచికి కనీసం రెండు పట్టీలు, వేర్వేరు చోట్ల కట్టండి. ఒకటి తెగినా సంచి వేలాడకూడదు. ఫ్రేముకి, లేదా వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే ఇనుప కడ్డీకి కట్టండి. ఇండికేటర్‌కీ, ప్లాస్టిక్‌కీ కట్టొద్దు. గాలికి పట్టీ గుయ్యిమంటుంటే విప్పి మధ్యలో ఒక మెలిక వేయండి, ఆగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం పట్టీ కొసలు. బిగించాక మిగిలిన జానెడు ముక్కను ఎవరూ పట్టించుకోరు. అది చైన్‌లోనో చక్రంలోనో పడితే వెనక చక్రం అక్కడికక్కడే బిగిసిపోవచ్చు. ప్రతి కొసనూ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, లేదా కట్టు కిందికి దోపండి. బయలుదేరాక 20 కిలోమీటర్లకి ఆగి మళ్లీ బిగించండి. సంచిలో సామాను సర్దుకుని పట్టీలు వదులవుతాయి, ఎంత బాగా కట్టినా సరే.

3వ జవాబు

నేను తొమ్మిదేళ్లుగా ఒక్కదాన్నే టెంట్ వేసుకుని తిరుగుతున్నాను. సర్దే వరస గురించి నాలుగు మాటలు.

వానలో, చీకట్లో ఏది ముందు కావాలో ఆలోచించి సర్దండి. నాకైతే ముందు టెంట్ కావాలి. అందుకే అది సంచి లోపల ఉండదు, పైన విడిగా ఉంటుంది. మిగతావేవీ విప్పకుండా టెంట్ ఒక్కటే తీసి వేయగలగాలి. ఉదయం తడిగా మడిచినా అది పొడి సామానుకి తగలదు. టెంట్ ఊచలు విడిగా తీసి సైడ్ బ్యాగు అడుగున పెట్టుకోవచ్చు, మడిస్తే చాలావరకు 45 సెంటీమీటర్లలోపే ఉంటాయి. అవి పోతే మిగిలేది గుడ్డ ఒక్కటే కనుక పైపైన దోపకండి.

స్లీపింగ్ బ్యాగ్ విషయంలో రాజీ పడకండి. వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి, మోకాలితో నొక్కి గాలి తీసి, మూతి కనీసం మూడు చుట్లు మడిచాకే కట్టు పెట్టండి. రెండు చుట్లతో వదిలేస్తే నీళ్లు వెళ్తాయి. పక్షి ఈకల స్లీపింగ్ బ్యాగ్ అయితే తడిశాక వెచ్చదనమే ఉండదు. సింథటిక్ కొంచెం నయం, కానీ మడిచినా లావుగానే ఉంటుంది.

ఇంకోటి, ట్యాంక్ బ్యాగ్ తీసుకోండి. కెమెరా, ఫస్ట్ ఎయిడ్, కాగితాలు అందులో పెట్టుకోవచ్చు. బరువు ముందుకి వస్తుంది, దిగినప్పుడు చేత్తో పట్టుకెళ్లొచ్చు. మీ ట్యాంకుకి అయస్కాంతం అంటుతుందో లేదో ముందు చూడండి, ప్లాస్టిక్ కవర్ల మీద అంటదు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు బ్యాగు హారన్ బటన్‌ని నొక్కకూడదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ అందరికీ. టార్చి వేసి చూశాను, క్యారియర్‌కి పగుళ్లు లేవు కానీ ఒక బోల్టు చేత్తో తిరుగుతోంది. తూకం వేస్తే మొత్తం 31 కిలోలు, అందులో 13 బాక్సులోనే ఉంది!

సైడ్ బ్యాగులు తెచ్చి మీరు చెప్పినట్టే సర్దాను. క్యాన్ ఖాళీ, రెండో గిన్నె, గొడ్డలి ఇంట్లో ఉండిపోయాయి. ఇప్పుడు 22 కిలోలు. వెనక గాలి పెంచాను, స్ప్రింగ్ రెండు మెట్లు బిగించాను. నిన్న అదే రోడ్డు మీద ఎనభై వరకూ వెళ్లాను. లారీ దాటినప్పుడు ఒక్క తోపు తగిలింది, అంతే, ఊగలేదు. మలుపుల్లో బండి కాస్త బరువుగా వంగుతోంది, బ్రేకుకి ఇంకొంచెం దూరం కావాల్సి వస్తోంది.

కొత్తగా ఒకటి వచ్చింది. సామాను లేనప్పుడు సైడ్ స్టాండ్ మీద బండి ఇంతకుముందు కంటే ఎక్కువ వాలి నిలబడుతోంది. స్టాండ్ పాడైందా?

1వ జవాబు ఇచ్చినవారు

స్టాండ్ బాగానే ఉందండీ. స్ప్రింగ్ బిగించడంతో వెనక భాగం లేచింది, స్టాండ్ పొడవు అంతే ఉంది. సామాను ఎక్కాక కాస్త దిగి మామూలుగా ఉంటుంది. సామాను దించాక మాత్రం చదునుగా లేని నేల మీద స్టాండ్ వైపుకే పడొచ్చు. కాబట్టి స్టాండ్ ఉన్న వైపుకి నేల పల్లంగా లేకుండా చూసుకోండి. మెత్తటి మట్టిలో అరచేయంత చెక్క ముక్క స్టాండ్ కింద వేయండి, రాత్రి వాన పడితే కాలు దిగబడకుండా ఉంటుంది. రాత్రంతా గేరులో వదిలేయండి.

ఆ తిరుగుతున్న బోల్టుకి థ్రెడ్‌లాక్ (మర వదులవకుండా పట్టే జిగురు) రాసి బిగించారా?