మాస్టారి వీడ్కోలు వీడియో: శనివారం రాత్రికి
(అమెరికాలో డాలస్ చుట్టుపక్కల ఊళ్ళ తెలుగువాళ్ళు, పిల్లలకి అక్షరాలు నేర్పిన మాస్టారికి తెలియకుండా వేరే గ్రూపులో అనుకున్న మాటలు)

ప్లేనో అక్క (బుధవారం రాత్రి)
క్లిప్పులకి గడువు రేపు రాత్రి పదింటి వరకే. 40 ఇళ్ళకి 26 వచ్చాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత పోతోంది, డాక్యుమెంట్‌గా పెట్టండి. ఫోను అడ్డంగా పట్టుకోండి, మనిషికి 20 సెకన్లే. ఇంకా ఉన్న పనులు: పాత ఫొటోలు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చెయ్యడం, తెలుగు టైటిళ్ళు, రాజమండ్రిలో మాస్టారి వాళ్ళకి లైవ్, పులిహోర లెక్క. మాస్టారున్న గ్రూపులో పొరపాటున కూడా పెట్టకండి.

ఇర్వింగ్ తమ్ముడు
26లో తొమ్మిది ఐఫోన్ హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడల తేడా ఎక్కువగా పట్టే పద్ధతి) తీసినవి. మిగతా వాటి పక్కన పెడితే మొహాలు పాలిపోతున్నాయి. ఇంకా తియ్యనివాళ్ళు సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్ళి హెచ్‌డీఆర్ ఆపెయ్యండి. కొన్ని ఫోన్లలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, క్లిప్పు చివరికొచ్చేసరికి పెదాలు ముందు, మాట వెనక. వాటిని హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి సెకనుకి 30 ఫ్రేములకి స్థిరం చేస్తున్నాను. టైటిల్లో ఇంకో తలనొప్పి: "వీడ్కోలు"లో క ఒత్తు కిందికి దిగకుండా పక్కకొచ్చేస్తోంది. అక్షరాలు విడిగా బొమ్మలా చేసి అతికించడమే దారి.

ప్లేనో అక్క (గురువారం పొద్దున)
శనివారానికి మనం బుక్ చేసిన హాలు వాళ్ళు ఇవ్వడం కుదరదన్నారు. పది లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ (ఎవరికైనా దెబ్బ తగిలినా, ఏదైనా పాడైనా కట్టే బీమా) సర్టిఫికెట్, అందులో హాలు పేరు అదనంగా చేర్చి, ఐదు పనిదినాల ముందే ఇవ్వాలట. మనం ఇవ్వలేదు.

ఫ్రిస్కో అన్న
ఆ కాగితం ముచ్చట నెల కింద మీటింగ్‌లనే చెప్పిన. ఎవరు పంపాలె అంటే అందరు ఊకున్నరు. ఇప్పుడు 350 డాలర్ల డిపాజిట్ పాయె. పైసలు చూసుకునేటోళ్ళకు గిది తెల్వదా?

లూయిస్‌విల్ బాబాయి
పాలసీ ఉంది. హాలు పూర్తి పేరు, అడ్రసు రాసిస్తే ఏజెంటు ఒక్క రోజులో సర్టిఫికెట్ ఇస్తాడు. ఆ రెండు ముక్కలు నాకు ఎవరూ పంపలేదు. లెక్కలు రాసేవాడి నెత్తిన అన్నీ రుద్దడం భావ్యం కాదు.

కాపెల్ వదిన
హాలు బుక్ చేసింది నేను. ఫారం రెండో పేజీలో ఆ షరతు చూసుకోలేదు, తప్పు నాదే. బాబాయిగారినేమీ అనకండి. మాస్టారికి ఆదివారం పొద్దున్నే ఫ్లైటు, రోజు జరపలేం. మా పెరట్లో పెట్టేద్దామా?

ఇర్వింగ్ తమ్ముడు
పెట్టొచ్చు వదినా, కానీ ఇది జూన్. ఎనిమిదిన్నర దాటితే గానీ పొద్దు గుంకదు, తొమ్మిది దాటితే గానీ తెర మీద బొమ్మ ఆనదు. భోజనాలు ముందు కానిచ్చి 9:10కి మొదలుపెడదాం. గరాజ్‌లో పగలే చీకటి చేసుకోవచ్చు గానీ తలుపు దించితే ఆ వేడికి పెద్దవాళ్ళు తట్టుకోలేరు. తెర పడమటి కంచె వైపు, ముఖం తూర్పుకి. అప్పుడు మిగిలిన వెలుతురు సూటిగా దాని మీద పడదు. బొమ్మ ఎనిమిది అడుగుల వెడల్పు రావాలంటే మన ప్రొజెక్టర్ పన్నెండు అడుగుల దూరంలో ఉండాలి.

ఫ్రిస్కో అన్న
బాబాయ్, కోపంల అన్న, మనసుల పెట్టుకోకు. తెర నేను కడ్త. అంగుళం పీవీసీ పైపులు, పదడుగులవి ఐదు చాలు. అర అంగుళానివి నడుమ వంగిపోతయి. గమ్ పెట్టద్దు, ఊరికె బిగిస్తే మళ్ళ ఊడదీయొచ్చు. కింగ్ సైజు తెల్ల దుప్పటి ఎవరన్న ఇయ్యండి, వెనక నల్ల గుడ్డ కట్టాలె, లేకుంటె వెలుగు అవుతలికి పోయి బొమ్మ వెలవెలబోతది. గాలొస్తే దుప్పటి తెరచాప లెక్క ఉబ్బుతది, ఫ్రేమే పడిపోతది. కాళ్ళకు మట్టి సంచులు, పైన కంచెకు తాళ్ళు.

లూయిస్‌విల్ బాబాయి
అదేం లేదులే నాయనా. నా స్పీకర్లు రెండూ తెస్తాను, 14 గేజ్ ఎక్స్‌టెన్షన్ వైరు కూడా. బ్లూటూత్ వద్దు, మాట ఆలస్యమవుతుంది. వైరుతోనే కలుపుదాం. డిపాజిట్ గురించి సోమవారం నేనే వెళ్ళి అడుగుతాను.

ఇర్వింగ్ తమ్ముడు (శనివారం మధ్యాహ్నం)
34 క్లిప్పులతో ఆపేశాను. 13 నిమిషాలు, రెండు జీబీ, రెండు పెన్‌డ్రైవ్‌ల్లో ఉంది. ఆరుబయట గోడలుండవు, గొంతు గాలిలో కలిసిపోతుంది. అందుకని గొంతులన్నీ ఒక స్థాయికి తెచ్చి, వెనక వీణ 20 డెసిబెల్స్ దించాను. అక్కా, 20 సెకన్లన్నారు గానీ ఒక్కటి మాత్రం కత్తిరించలేదు. ఆ చిన్నపాప పలక మీద "క్ష" రాస్తుంటే బలపం విరిగిపోతుంది. కింద పడ్డ ముక్క వెతుక్కుని, మాస్టారు నేర్పినట్టే మూడు వేళ్ళతో పట్టుకుని, మళ్ళీ మొదటినుంచి రాస్తుంది. 48 సెకన్లు.

ప్లేనో అక్క
ఉండనీ. దాన్నే ఆఖర్న పెట్టు.

కాపెల్ వదిన
మాస్టారికి భోజనమని మాత్రమే చెప్పాను, ఏడున్నరకి వస్తున్నారు. అన్నయ్యా, దుప్పటి పై పైపుకి చుట్టేసి ఉంచండి, తొమ్మిదింటికి దించుదాం. ప్రొజెక్టర్ మీద ఇడ్లీ గిన్నెల అట్టపెట్టె బోర్లించాను. స్విచ్ వేసేముందు ఎవరైనా గుర్తుపెట్టుకుని తియ్యండి.