హైడ్రోజనేజ్ ఎలక్ట్రోడ్ మీద కరెంట్ పడిపోతోంది: ఆక్సిజన్ వల్లా, ఎంజైమ్ ఊడిపోయా?

నమస్కారం అండీ. గుంటూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. ప్లాటినం బదులు నికెల్-ఐరన్ హైడ్రోజనేజ్ (హైడ్రోజన్‌ని తయారు చేయగల, వాడుకోగల ఎంజైమ్)ని గ్రాఫైట్ ఎలక్ట్రోడ్‌కి పట్టించి నీళ్లలోంచి హైడ్రోజన్ తీయడం నా ప్రాజెక్టు. పీహెచ్ 7 దగ్గర సిద్ధాంతం ప్రకారం −0.41 వోల్టులు చాలు (స్టాండర్డ్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే). నేను −0.55 ఇస్తున్నాను. మొదట కరెంట్ బాగానే వస్తుంది, అరగంట తిరిగేసరికి సగానికి పడిపోతుంది.

గాలి తగలకుండా పనిచేసే గ్లోవ్ బాక్స్ లేదు. నైట్రోజన్ విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించిన మామూలు ఇండస్ట్రియల్ సిలిండరే. అందులోని కాస్త ఆక్సిజనే ఎంజైమ్‌ని మూయించేస్తోందని మా గైడ్ గారి అనుమానం. అలా ఆగిన ఎంజైమ్ మళ్లీ పనిచేస్తుందేమోనని హైడ్రోజన్ బుడగలు పంపి చూస్తే కరెంట్ కొంత కోలుకుంది, మొత్తం రాలేదు. అంటే మిగతా తగ్గుదల, ద్రావణంలో ఎలక్ట్రోడ్‌ని గుండ్రంగా తిప్పేటప్పుడు ఎంజైమ్ ఊడిపోవడం వల్లనేనా? ఈ రెంటినీ విడదీసి తేల్చే తేలిక పరీక్ష ఏదైనా ఉందా?

ఇంకోటి. వయోలోజెన్ (ఎలక్ట్రాన్లని అందించే రసాయనం) ఉన్న పాలిమర్ పూత ఆక్సిజన్‌ని అడ్డుకుంటుందని 2014లో జర్మనీ వాళ్లు చూపించారు. కానీ అది ఫ్యూయల్ సెల్‌లో, హైడ్రోజన్‌ని వాడుకునే వైపు. తయారీ వైపు పనికొస్తుందా? ఎంజైమ్ చుక్కంతే మిగిలింది, అదే టెన్షన్. చేసి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.