హైడన్ సింఫనీలన్నిటినీ ఒకే బృందం రికార్డు చేయవలసిన అవసరం ఉందా?

మంద్రస్థాయి:

పద్దెనిమిదవ శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త జోసెఫ్ హైడన్ సింఫనీలలో, అంటే ఆర్కెస్ట్రా కోసం రాసిన పలు భాగాల రచనలలో, నంబర్లు ఉన్నవి 104. ‘ఎ’, ‘బి’ అనే అక్షరాలతో పిలిచే తొలినాళ్ళ రచనలు రెంటిని కలుపుకుంటే 106 అవుతాయి. వీటన్నిటినీ ఒకే కండక్టరు చేత, ఒకే ఆర్కెస్ట్రా చేత వాయింపజేసి ఒకే పెట్టెలో పెట్టి అమ్మే పద్ధతి రికార్డింగు సంస్థలకు గౌరవం తెచ్చింది గాని, హైడన్‌కు మేలు చేయలేదన్నది నా వాదన.

బీథోవెన్ తొమ్మిది సింఫనీలను ఒక వరుసగా వినడానికి ఏదో ఒక న్యాయం ఉంది. హైడన్ విషయంలో అటువంటి వరుస ఏదీ లేదు. 1761లో హంగరీకి చెందిన ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరినప్పుడు ఆయన చేతిలో ఉన్నది సుమారు పదిహేను మంది వాద్యకారులు. 1785–86లో పారిస్ కోసం రాసిన 82 నుండి 87 వరకు గల ఆరింటిని వాయించిన బృందంలో వయొలిన్లే నలభై వరకు ఉండేవని చెబుతారు. 1795లో లండన్‌లో చివరి సింఫనీలను వాయించినవారు సుమారు అరవై మంది. ఇంతటి భేదం ఉన్న రచనలను ఒకే గదిలో, దాదాపు ఒకే సంఖ్యలో కూర్చున్నవారు వాయిస్తే ప్రభువు గారి హాలులో పుట్టిన సంగీతం అవసరానికి మించి బలిసిపోతుంది, లండన్ సభ కోసం పుట్టినది చిక్కిపోతుంది.

పైగా ఆ నంబర్లు కూడా హైడన్ ఇచ్చినవి కావు. 1907లో బ్రైట్‌కాఫ్ అండ్ హెర్టెల్ సంస్థ ముద్రణ కోసం యూసేబియస్ మాండిచెవ్‌స్కీ వేసిన వరుస అది. నాలుగు హార్న్‌లు ఉన్న 72వ సింఫనీ నిజానికి 1760ల ఆరంభానిది. అంటే 31వ దానికన్నా ముందుదని చెప్పవచ్చు. ఒకటి నుండి నూటనాలుగు దాకా నడిచి వెళ్ళేవాడు హైడన్ జీవితం వెంట నడవడం లేదు, ఒక ప్రచురణ సంస్థ జాబితా వెంట నడుస్తున్నాడు.

పాతఎల్పీ:

మంద్రస్థాయి గారి వాదనలో చరిత్ర ఉంది గాని, రికార్డింగుల చరిత్ర లేదు. 1950లలో ఒక సామాన్య శ్రోతకు హైడన్ సింఫనీ అంటే ‘లండన్ సింఫనీలు’ అనే చివరి పన్నెండు, ‘ఆక్స్‌ఫర్డ్’ (92వది), 88వది, మహా అయితే ‘ఫేర్‌వెల్’ (45వది). అంతే. 1957–59 మధ్య ఇంగ్లీషు కండక్టరు సర్ థామస్ బీచమ్ లండన్ సింఫనీలను రికార్డు చేసినప్పుడు కూడా తప్పులు పేరుకుపోయిన పాత ముద్రణలనే వాడారు. ఆ రికార్డింగులు నాకు ప్రాణం. అయినా అవి హైడన్ రాసినదానికి ఎంత దూరమో మరచిపోకూడదు. సంగీత చరిత్రకారుడు హెచ్. సి. రాబిన్స్ లాండన్ 1960లలో సింఫనీలన్నిటికీ శుద్ధప్రతులు సిద్ధం చేసిన తరువాతే మొత్తం రికార్డు చేయడం అన్న మాటకు అర్థం వచ్చింది.

ఆ ప్రతులను చేతబట్టి 1969లో పని మొదలుపెట్టిన కండక్టరు ఆంటాల్ డొరాటీ ఎవరు? బుడాపెస్ట్‌లో హంగరీ స్వరకర్తలు బార్టోక్, కొడాయ్‌ల దగ్గర చదువుకున్నవాడు. ఆయన వెంట ఉన్న ఫిల్‌హార్మోనియా హంగారికా ఏ బృందం? 1956లో హంగరీ తిరుగుబాటును అణచివేసిన తరువాత దేశం విడిచి వచ్చిన వాద్యకారులు కూడి ఏర్పరచుకున్న ఆర్కెస్ట్రా. వియన్నా పరిసరాలలో మొదలై, చివరికి పశ్చిమ జర్మనీలోని మార్ల్ అనే బొగ్గుగనుల పట్టణంలో స్థిరపడింది. ఆ పట్టణంలోని సెయింట్ బోనిఫేషియస్ చర్చిలో నాలుగేళ్ళలోపే డెక్కా సంస్థ కోసం అన్నిటినీ వాయించారు. 53వ సింఫనీకి ఉన్న వేర్వేరు ముగింపు భాగాలను, 103వ దానికి హైడన్ మొదట రాసిన ముగింపును కూడా వదలలేదు. గొప్ప గొప్ప నగరాల పెద్ద ఆర్కెస్ట్రాలలో ఒక్కటి కూడా అప్పటికి ఈ పనిని పూర్తి చేయలేదన్న సంగతి గమనించండి. 2001లో ఆ బృందమే లేకుండా పోయింది. ఈనాడు దాని పేరు ఎవరైనా తలుస్తున్నారంటే ఈ పెట్టె వల్లనే.

కుతూహలం:

నేను ఈ సంగీతానికి కొత్త. అన్నిటినీ మొదట రికార్డు చేసినవారు డొరాటీయేనా? మరొక ప్రశ్న: వినదలచినవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతఎల్పీ:

మొదటివారు కండక్టరు ఎర్న్‌స్ట్ మెర్జెన్‌డార్ఫర్ అని చెప్పాలి. వియన్నా ఛాంబర్ ఆర్కెస్ట్రాతో, మ్యూజికల్ హెరిటేజ్ సొసైటీ కోసం, డొరాటీ కన్నా కొద్దిగా ముందే పూర్తి చేశారు. అయితే ఆ సంస్థ రికార్డులను టపాలో చందాదారులకు అమ్మేది గనుక అవి దుకాణాలకు, సమీక్షకులకు అంతగా చేరలేదు. రెండవ ప్రశ్నకు నా జవాబు: 1772లో రాసిన 45, 46, 47 మూడింటినీ ఒకే సాయంత్రం వినండి. డొరాటీవే వినండి.

నాలుగోతీగ:

నేను వయొలిన్ వాయించేవాణ్ణి గనుక ఇద్దరి మాటల్లోనూ పట్టించుకోని ఒక అంశాన్ని ముందుకు తెస్తాను. ఎంతమంది వాయించారన్నది ఒక ప్రశ్న. ఏ వాద్యాలతో, ఏ పద్ధతిలో వాయించారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. డొరాటీ తొలి సింఫనీలలో హార్ప్‌సికార్డ్ (తీగలను గిల్లి మోగించే పాతకాలపు కీబోర్డు వాద్యం) వినిపిస్తుంది. 1980ల నుండి పాతకాలపు వాద్యాలతో సాగిన ప్రయత్నాలలో రాయ్ గుడ్‌మన్ తన హానోవర్ బ్యాండ్‌ను హార్ప్‌సికార్డ్ ముందు కూర్చుని నడిపించారు. దాని చప్పుడు కొన్నిచోట్ల వయొలిన్లను మించి వినపడుతుంది. క్రిస్టఫర్ హాగ్‌వుడ్ తన అకాడమీ ఆఫ్ ఏన్షెంట్ మ్యూజిక్‌తో చేసినవాటిలో ఆ వాద్యమే లేదు. ఎస్టర్‌హాజీ కొలువులో సింఫనీలకు కీబోర్డు వాద్యం వాడలేదని సంగీత పండితుడు జేమ్స్ వెబ్‌స్టర్ 1990లో ఒక వ్యాసంలో గట్టిగా వాదించారు. హాగ్‌వుడ్ ఆయన పక్షమే. లండన్‌లో మాత్రం హైడన్ కీబోర్డు ముందు కూర్చునేవారు, 98వ సింఫనీ చివరి భాగంలో తనకోసం ఒక చిన్న సోలో కూడా రాసుకున్నారు.

చెప్పవచ్చేదేమంటే, మొత్తం రికార్డు చేయడానికి దిగిన కండక్టరు ఈ విషయంలో మొదటి రోజునే ఏదో ఒక వైపు తేల్చుకోవలసి వస్తుంది, తేల్చుకున్న నిర్ణయాన్ని నూరు సింఫనీల పొడుగునా మోయవలసి వస్తుంది. ఒక్క సింఫనీ రికార్డు చేసేవారికి ఈ బరువు లేదు. నాకు మటుకు హార్ప్‌సికార్డ్ లేకపోవడమే ఇష్టం, ఎందుకంటే 39వ సింఫనీ మొదట్లో హైడన్ వదిలిన నిశ్శబ్దాలను ఎవరో ఒకరు తీగలు గిల్లి నింపడం నాకు భరించరానిది.

మంద్రస్థాయి:

నాలుగోతీగ గారు నా వాదనకే బలం చేకూర్చారు. ఒక నిర్ణయాన్ని నూరు రచనల మీద రుద్దడమే నా అభ్యంతరం. డొరాటీ మినుయెట్లను, అంటే సింఫనీలలో నాట్యగతిలో నడిచే భాగాలను, వినండి. 1760లలోనివైనా 1790లలోనివైనా ఒకే బరువైన అడుగుతో, కాస్త ఆలస్యంగా నడుస్తాయి. ఇది ఒక సింఫనీలో వింటే కండక్టరు అభిప్రాయం అనుకుంటాం. ముప్ఫై సింఫనీలలో వింటే హైడన్ స్వభావమే అంత అనుకుంటాం. అక్కడ ఉంది ప్రమాదం.

పోనీ ఏకత్వమైనా నిజంగా ఉంటుందా అంటే అదీ లేదు. కండక్టరు ఆడమ్ ఫిషర్ 1987లో ఆస్ట్రియాలోని ఐజెన్‌స్టాట్‌లో ఉన్న ఎస్టర్‌హాజీ భవనంలో, హైడన్ స్వయంగా వాయించిన హాలులోనే, ఆస్ట్రియా హంగరీ వాద్యకారులను కూర్చి నింబస్ సంస్థ కోసం పని మొదలుపెట్టారు. 2001 నాటికి పూర్తిచేశారు. మొదట రికార్డు చేసిన లండన్ సింఫనీలు మెత్తగా, ప్రతిధ్వనిలో కాస్త మునిగి ఉంటాయి. చివరి సంవత్సరాలలో చేసినవాటిలో విల్లు పట్టు మారింది, స్వరాల విరుపులు మారాయి, కొన్నిచోట్ల మొత్తం బృందానికి బదులు ఒక్కొక్క వయొలినే వాయిస్తుంది. పద్నాలుగేళ్ళలో మనిషి ఎదిగాడు. అది ఆయనకు గౌరవమే. కానీ పెట్టె మీద ఒకే పేరున్నంత మాత్రాన లోపల ఉన్నది ఒకే దృష్టి కాదు.

పాతఎల్పీ:

నాలుగేళ్ళలోపు పూర్తిచేస్తే అంతా ఒకేలా ఉందంటారు, పద్నాలుగేళ్ళు తీసుకుంటే ఒకేలా లేదంటారు. ఏ కండక్టరూ గెలవలేని పందెం ఇది.

నేను డొరాటీని సమర్థించేది ఆయన ఒకేలా వాయించాడన్న కారణంతోనే. కొలబద్ద మారకుండా ఉన్నప్పుడే కొలిచిన వస్తువుల మధ్య భేదం తెలుస్తుంది. అందుకే కుతూహలం గారిని 1772 నాటి మూడింటినీ కలిపి వినమన్నాను. 45వది ఎఫ్ షార్ప్ మైనర్‌లో ఉంది. ఆ కాలంలో ఆ స్థాయిలో ఆర్కెస్ట్రాకు రాసిన సింఫనీ మరొకటి దొరకడం కష్టం. హార్న్‌లకు ఆ శ్రుతి అందక, దానికోసమూ 46వ దానికోసమూ అరస్వరం దించే కొత్త గొట్టాలు తయారు చేయించుకున్నారు. చివరి భాగంలో వాద్యకారులు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతారన్న కథ అందరికీ తెలిసినదే. 46వది బి మేజర్‌లో. దాని చివరి భాగం పరుగు మధ్యలో ఆగి, అంతకుముందు విన్న మినుయెట్ తిరిగి వస్తుంది. 47వ దాని మినుయెట్‌ను ఒక్కొక్క సగం వాయించి, తరువాత అదే సగాన్ని వెనుక నుండి ముందుకు వాయించాలి. ఒకే సంవత్సరంలో, ఒకే హాలులో, ఒకే బృందం కోసం పుట్టిన మూడు రచనలు ఇవి. వీటిని ముగ్గురు కండక్టర్ల చేతి నుండి వింటే ఏ తేడా హైడన్‌ది, ఏ తేడా కండక్టరుది అని ఎలా విడదీస్తారు? మార్ల్‌లో అవే వయొలిన్లు, అదే చర్చి, అదే మైకులు. కనుక మారినదంతా హైడన్‌దే.

మినుయెట్లు నిదానంగా ఉన్న మాట నిజమే. ఆ నిదానానికి చెవి నాలుగైదు సింఫనీలలో అలవాటుపడుతుంది, ఆ తరువాత దాన్ని తీసివేసుకుని వినడం శ్రోతకు సాధ్యమే. కండక్టరు మాటిమాటికీ మారితే ఆ సౌకర్యం ఉండదు.

స్వరజతి:

ఇద్దరూ వరుసను తప్పించుకునే మూడవ మార్గాన్ని విస్మరించారు. కండక్టరు జియోవానీ ఆంటోనీనీ 2014లో ప్రారంభించిన ‘హైడన్2032’ ప్రణాళిక లక్ష్యం హైడన్ 300వ జన్మదినం వచ్చే 2032 నాటికి అన్నిటినీ రికార్డు చేయడం. ఇల్ జార్డినో అర్మోనికో, బాసెల్ ఛాంబర్ ఆర్కెస్ట్రా అనే రెండు బృందాలు పని పంచుకుంటున్నాయి. నంబర్ల వరుసను పక్కన పెట్టి, ఒక్కొక్క సంపుటానికి ఒక భావాన్ని తీసుకుని రెండు మూడు సింఫనీలను కూర్చుతున్నారు. నడుమ ఇతర స్వరకర్తల రచనలను కూడా చేరుస్తున్నారు. మొత్తమూ ఉంటుంది, మాండిచెవ్‌స్కీ జాబితా ఉండదు. ఆంటోనీనీ వేగం నాకు కొన్నిచోట్ల ఊపిరాడనివ్వదు, అది వేరే సంగతి.

నాలుగోతీగ:

మూడవ మార్గం బాగానే ఉంది గాని, ఇంత దీర్ఘకాలం సాగే పని మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేను. హాగ్‌వుడ్ రికార్డింగుల వరుసను సంస్థ మధ్యలోనే ఆపివేసింది. గుడ్‌మన్‌ది కూడా పూర్తి కాలేదు. హైడెల్‌బర్గ్ బృందంతో ఎంతో చురుకుగా వాయిస్తూ వచ్చిన థామస్ ఫై 2014లో తలకు గాయమై కొనసాగించలేకపోయారు. మిగిలినవాటిని తరువాత యోహానెస్ క్లుంప్ చేపట్టారు.

మంద్రస్థాయి:

కొలబద్ద అన్న ఉపమానం వినడానికి బాగుంది గాని, ఆ కొలబద్దే వంకరగా ఉంటే? పదిహేను మంది వాయించవలసిన 6, 7, 8 సింఫనీలలో హైడన్ ప్రతి వాద్యకారుడికీ, డబుల్ బాస్‌కు సైతం సోలో రాశారు; కొలువులో కొత్తగా చేరిన ఆయనకు అక్కడి ప్రతి వాద్యకారుణ్ణీ ప్రభువు ముందు నిలబెట్టాలన్న ఆలోచన ఉందని నాకు తోస్తుంది. వెనుక పెద్ద తీగవాద్య బృందం ఉన్నప్పుడు ఆ సోలో అలంకారంగా మారిపోతుంది. పాతఎల్పీ గారు చెప్పిన మూడు సింఫనీల విషయంలో ఒప్పుకుంటాను, అవి ఒకే బృందం కోసం పుట్టినవి గనుక ఒకే బృందం వాయిస్తే న్యాయం. నేను కోరేది కూడా అదే. 1761 నాటివి ఒక బృందం, 1770లవి ఒక బృందం, పారిస్‌వి ఒకటి, లండన్‌వి ఒకటి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రాతో కోలిన్ డేవిస్ చేసిన లండన్ పన్నెండు నా దగ్గర ఉన్నాయి; అదే కోలిన్ డేవిస్ అదే ఆర్కెస్ట్రాతో 6వ సింఫనీ వాయించాలని నేను ఎన్నడూ కోరుకోలేదు.

పాతఎల్పీ:

మీరు కోరిన పెట్టె ఇప్పటికే వచ్చింది. 2016లో డెక్కా సంస్థ హాగ్‌వుడ్ వదిలిన ఖాళీలను మరో కండక్టరు ఫ్రాన్స్ బ్రుగెన్ రికార్డింగులతో పూరించి, పాతకాలపు వాద్యాలతో మొత్తం సింఫనీలను ఒకచోట చేర్చింది. తొలి, మధ్య కాలాలవి ఎక్కువగా హాగ్‌వుడ్‌వి, పారిస్, లండన్ సింఫనీలు ఎక్కువగా బ్రుగెన్‌వి. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఇద్దరూ ముట్టనివి నాలుగు మిగిలాయి: 78, 79, 80, 81. వాటిని కండక్టరు ఒట్టావియో దాంతోనే, ఆయన అకాడెమియా బిజాంతీనా బృందం చేత కొత్తగా వాయింపజేయవలసి వచ్చింది.

ఆ నాలుగు ఎందుకు మిగిలాయో ఆలోచించండి. అవి 1780ల ఆరంభానివి. ఎస్టర్‌హాజీ తొలినాళ్ళ ముచ్చటకు ఆలస్యం, పారిస్ కీర్తికి ముందు. నచ్చినవి ఏరుకునే మీ పద్ధతిలో ఏ బుట్టలోనూ పడవు. ‘మొత్తం’ అన్న మాట పెట్టె మీద వేయవలసి వచ్చింది గనుకనే ఎవరో ఒకరు వాటి దగ్గరికి వెళ్ళారు.

మంద్రస్థాయి:

వెళ్ళారు, సరే. దాంతోనే వాయించిన 80వ సింఫనీ చివరి భాగం విన్నారా? తాళం ఎక్కడ పడుతోందో తెలియకుండా హైడన్ చాలాసేపు ఆట పట్టిస్తారే, ఆ తికమక డొరాటీ దగ్గర కన్నా అక్కడ ఎంతో స్పష్టంగా ఉంది. నూటనాలుగు మోయనవసరం లేని మనిషి, నాలుగింటి మీదే దృష్టి పెట్టి వాయించడం వల్ల అని నేనంటాను.

పాతఎల్పీ:

రెండూ పక్కపక్కన పెట్టి మళ్ళీ వింటాను. డొరాటీది మాత్రం ముందు వింటాను.