పార్కు గుండ్రంగా వేస్తే జనం కలుస్తారా? మా లేఅవుట్‌లో రోజూ ఇదే గొడవ

కరకంబాడి రోడ్డోడు:
మాది 60 ఇండ్ల లేఅవుట్. పార్కుకని వదిలిన పది శాతం జాగాలో ఇన్నేండ్లూ కంపచెట్లు, కుక్కలు, బిర్యానీ కవర్లు తప్ప ఏమీ లేవు. మొన్న వాట్సాప్ గ్రూపులో ఎవురో డెన్మార్క్ ఫోటో పెట్టినారు, కోపెన్‌హేగన్ పక్కన బ్రాండ్‌బీ అంట, 1964లో ఎరిక్ మీగిండ్ అనే ఆయన గీసిన ప్లాను. పైనుంచి చూస్తే అన్నీ పెద్ద పెద్ద చక్రాలు, ఒక్కో చక్రంలో కేకు కోసినట్టు తోట ముక్కలు, ఇంటికొక ముక్క, నడిమధ్యలో అందరూ కలిసే జాగా. పాతకాలం పల్లెల్లో ఊరి నడుమ జనం చేరినట్టు చేరాలని ఆయన ఆలోచన. అప్పటినుంచి సగం మంది అట్లే వేద్దాం అంటాండారు, మిగతా సగం వాకింగ్ ట్రాక్ చాలు అంటాండారు. నేనైతే గుండ్రం వైపే. ఎదురూబొదురూ కనబడితే మాటా మాటా కలుస్తాది కదా?

రిటైర్డ్ ఇంజనీరు:
లెక్క చూడు నాయనా. చదరపు జాగాలో గుండ్రం గీస్తే నూటికి 78 పాళ్లే లోపలికొస్తాది, మూలల్లో 21 పాళ్లకు పైగా పోతాది. ముక్కలేమో మధ్యకు పోయేకొద్దీ సన్నం, ఆడ డ్రిప్ పైపు ఎట్లా వేస్తావు? మనోళ్లు మళ్లు చదరంగా కట్టింది ఊరికే కాదు.

కరకంబాడి రోడ్డోడు:
మూలలు పోతే ఏం సార్, ఒక మూల ఎరువు గుంత, ఒక మూల ఊయల, ఒక మూల వేపచెట్టు.

పెరటి పిచ్చోడు:
అదే డెన్మార్క్‌లో నేరుమ్ అని ఇంకో ఊరుంది, ఆడి తోటలు సోరెన్సెన్ అనే ఆయన 1948లో గీసినాడు. అవీ గుండ్రమే, కోడిగుడ్డు ఆకారం, ఒక్కోటి సుమారు 25 మీటర్లు పొడవు, 15 వెడల్పు. కానీ ప్లాను పూర్తిగా తిరగేసినాడు. ఎవురి తోట వాళ్లది కంచె లోపల, కంచెల బయట గడ్డి మాత్రమే అందరిదీ. ఒకటి లోపల కలిపేది, ఇంకోటి బయట కలిపేది, రెండూ గుండ్రమే! ఇంకో మాట, బ్రాండ్‌బీలో ఏడాది పొడుగునా కాపురం ఉండనీరు, అవి వేసవి తోటలు. ఆ కొన్ని నెలలు నవ్వుతా పలకరించుకునేది ఎవురికైనా వస్తాది, పన్నెండు నెలలు ఒకే మోటరు నీళ్లు పంచుకుని చూడమను.

మిద్దెతోట అక్క:
తమ్ముడూ, నేను ఒకటి చెప్తా, కొంచెం పొడుగైనా చదువు. మా వీధి పార్కులో చెట్టు చుట్టూ గుండ్రంగా సిమెంటు అరుగు కట్టినారు, చూసేదానికి భలే ఉంటాది. సాయంత్రం పోయి చూస్తే ఎనిమిది మంది కూర్చోనుంటారు, ఎనిమిది మందీ చెట్టుకు వీపు ఆనించి తలా ఒక దిక్కు చూస్తా ఉంటారు. పక్కనోళ్లతో మాట్లాడాలంటే మెడ తిప్పాల, అందుకే అందరూ ఫోన్లు చూస్తారు. మా అమ్మోళ్ల ఊర్లో రచ్చబండా గుండ్రమే, కానీ దాని మీద నలుగురు మఠం వేసుకుని ఎదురెదురుగా కూర్చునేంత వెడల్పు. మా వీధిదేమో ఒకటిన్నర అడుగు, కాళ్లు కిందికి వేలాడేయాల్సిందే. కాబట్టి గుండ్రమా పలకా అనేది తర్వాత, మనిషి మొహం ఎటు తిరిగుంటాదో అది చూసుకోండి ముందు.

ఇంకోటి, పని లేకుండా ఎవురూ కలవరు. ధనుర్మాసంలో మా వీధిలో అనపకాయలు మూటలు మూటలు తెస్తారు. ఒకరింటి వాకిట్లో చాప వేసి ఒలుస్తాం, గింజలు నానబెట్టి మళ్లీ పితకాల, వేళ్లు జిడ్డు జిడ్డు, ఫోను ముట్టుకునేదానికి కూడా కాదు. ఆ రెండు గంటల్లో ఎవురి కోడలు అలిగింది, ఎవురికి షుగరు వచ్చింది, అన్నీ బయటికొస్తాయి. పితికిపప్పు చేసే పని లేకుంటే పక్కింటామె పేరు కూడా నాకు తెలిసేది కాదు.

కరకంబాడి రోడ్డోడు:
అక్కా, ఫోన్ ముట్టుకోలేం అనేది మటుకు నాకు తట్టలేదు 😄

కొర్లగుంట కోడలు:
మీరంతా కలవాల కలవాల అంటాండారు. చక్రం నడుమ నిలబడితే అరవై ఇండ్ల కండ్లు మా మీదే. నైటీలో మొక్కలకు నీళ్లు పోసేదానికి కూడా రాలేం. నాకైతే నేరుమ్ కంచే మేలు, నడుమెత్తు చాలు, కావాలంటే తల ఎత్తి పలకరిస్తాం.

పెరటి పిచ్చోడు:
ఇది నిజం. దొంగతనం సంగతీ చూడండి, 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మా మిద్దె మీద కుండీల్లోవే మాయమైనాయి, ఇంక పార్కులోవి ఉంటాయా!

రిటైర్డ్ ఇంజనీరు:
దానికి కట్టుబాట్లు ఉండాల. చెరువు కింద ఏ మడికి ఎంతసేపు నీళ్లో నీరుగట్టోడు చూసేవాడు, వంతు తప్పితే ఊరోళ్లే అడిగేవాళ్లు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా ప్రొఫెసర్‌కు 2009లో ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చింది ఇట్లాంటి ఉమ్మడి ఆస్తుల మీద పనికే. వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని, తప్పు చేస్తే మొదట చిన్న జరిమానా వేసుకునే చోట నిలబడతాయని ఆమె చూపించింది. మన అసోసియేషన్‌లో నెల చందాకే సగం మంది దొరకరు.

కరకంబాడి రోడ్డోడు:
సరే, ఆదివారం మీటింగ్‌లో ఇట్లా పెడతా. మొత్తం చక్రం వద్దు. ఒక మూల పదిళ్లకే, కావాల్సినోళ్లకే, అర్ధచంద్రం మాదిరి మళ్లు, నడుమెత్తు కంచె, కొళాయి దగ్గర మఠం వేసుకునేంత వెడల్పు అరుగు. మిగతాది ట్రాక్ వాళ్లకు. అక్కా, అనప గింజలు మీ దగ్గర ఉంటే ఒక గుప్పెడు దాచిపెట్టండి, వానలు పడినాక కంచె పొడుగునా వేస్తాం.

మిద్దెతోట అక్క:
గింజలు ఇస్తా కానీ పితికేదానికి మగోళ్లను కూడా కూర్చోబెట్టాల.

కొర్లగుంట కోడలు:
అట్లయితే నేనూ వస్తా. మోటరు కరెంటు బిల్లు మాత్రం పదిళ్లే కట్టాల, ఇప్పుడే రాసుకోండి.