సమస్య: దీపముఁ బట్టిన పిశాచి దిక్కును జూపెన్

‘కందం’ అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం ఇది, మిగతా మూడూ మీరు రాసి పూరించాలి. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, ‘ప’. మొదటి అక్షరం గురువు (రెండు మాత్రలది; ఒక మాత్రదైతే లఘువు) కాబట్టి మిగతా మూడు పాదాలూ గురువుతోనే ఎత్తుకోవాలి. చిక్కు అర్థంలో ఉంది: దీపం పట్టిన పిశాచి అంటే కొరివిదెయ్యం, దాని పని దారి తప్పించడం. అది దారి చూపిందని ఒప్పించాలి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయల నడుమ లంకలనే రంగంగా తీసుకోండి.

పూరణ – 1

చూపులఁ గప్పిన మంచున
రూపము దెలియక పాంథుఁడు రోదన సేయన్
చేపల గంపను మోయుచు
దీపముఁ బట్టిన పిశాచి దిక్కును జూపెన్

సమీక్ష: గంప కనబడగానే పిశాచి కాస్తా జాలరి అయిపోయాడు, విడుపు బాగుందండి. రూ–రో యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) చెల్లింది. గణం (గురులఘువుల గుంపు) మాత్రం తప్పింది. రెండో పాదంలో మూడోది, అంటే అర్ధభాగంలో ఆరో గణం, నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి. ‘పాంథుఁడు’ భగణం (గురువు, రెండు లఘువులు). పైకి చదివితే అక్కడే నడక కుంటుతుంది. ‘పథికుఁడు’ అంటే నలమై సరిపోతుంది.

పూరణ – 2

లోపల కుళ్ళిన తుంగలు
రేపిన యావిరి వెలుగుచు రేవునఁ దోఁచెన్
నీ పడవకు నూబి యదని
దీపముఁ బట్టిన పిశాచి దిక్కును జూపెన్

సమీక్ష: ఇది నాకు మరీ నచ్చింది. వెలుగున్న చోట ఊబి ఉంది, అటు రావద్దని దెయ్యమే చెప్పడం! ‘ఈ పడవకు’ అని ఉంటే ‘తోఁచెన్’ పక్కన అచ్చు తగిలి సంధి కలపాల్సి వచ్చేది, పాదం చివరి గురువు పోయేది. ‘నీ’ కాపాడింది.

ఒక్క మాట. పారే రేవులో ఆ ఆవిరి నిలవదు. గాలి తగలని బురదలో తుంగ కుళ్ళితేనే మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. నిలవనీటి అడుగును గెడతో కెలికితే బుడబుడమని పైకొస్తుంది. 1776లో శాస్త్రవేత్త వోల్టా ఇటలీలోని మజ్జోరే సరస్సు దగ్గర పట్టింది ఈ వాయువునే. మామూలు వేడికి దానంతటది అంటుకోదు, నిప్పు తగలాలి. ఆ నిప్పు ఎవరు పెట్టారన్న చోటే కొరివిదెయ్యానికి చోటు. కనుక రేవును మడుగు చేయండి:

రేపిన యావిరి మడుగున రేయి వెలింగెన్

పూరణ – 2 కర్త: తీసుకున్నానండి. ‘వెలింగెన్’ గగంతో (రెండు గురువులతో) ముగిసింది, యతి కూడా రే–రే గానే నిలిచింది.