పోతన చకోరం అరిగిందా, మరిగిందా?

మధురవాడ నుంచి:
నిన్న పొద్దున్న ఫిషింగ్ హార్బర్లో కానాగంతలు కొన్నాను. కత్తిపీట ముందు కూర్చున్నావిడ తలకాయ కోసి పక్కకి తోసిందో లేదో, పడవ కింద నుంచి పిల్లి వచ్చి ఆవిడ మోకాలికి ఆనుకుంది. ‘మరిగిపోనాదమ్మా’ అంది. అప్పట్నుంచీ పోతన ‘మందార మకరంద’ పద్యంలోని ‘చకోరక మరుగునే సాంద్ర నీహారములకు’ బుర్రలో తిరుగుతోంది. ఆ మరుగూ ఈ మరుగూ ఒకటేనా?

భీమిలి మాస్టారు:
అక్కడ మరుగు లేదమ్మా. చకోరకము + అరుగునే. పై పాదాల్లో వోవునే, సనునె, సేరునే. అన్నీ వెళ్ళడాలే.

పెదవాల్తేరు నుంచి:
విడదీస్తే అంతే మాస్టారూ. కానీ చెవికి ‘మరుగునే’ అని వినపడుతుందని పోతన గారికి తెలియదా? వెన్నెల మరిగిన పక్షి మంచుని మరుగుతుందా అన్న అర్థం ఎంత బాగా అతుకుతుందో చూడండి.

భీమిలి మాస్టారు:
అతకడం వేరు, అన్వయం వేరు. నన్నడిగితే ఆ పద్యానికి ప్రాణం మొదటి పాదంలో ‘తేలు’. తుమ్మెద మకరందంలో మునగలేదు, తేలింది. ఆ మాట దగ్గర ఆగకుండా ఏనాడూ పాఠం చెప్పలేదు నేను.

గాజువాక నుంచి:
పిల్లికి రండి. జంతువుకి ‘మచ్చిక’ అనాలి. వశం చేసుకోడానికి పెట్టే మచ్చుమందులో మచ్చే అది, పెట్టేవాడు మనిషి.

పెదవాల్తేరు నుంచి:
పిల్లికి ఎవరు పెట్టారండీ మందు? గింజలు దాచుకుంటే ఎలుకలొచ్చాయి, ఎలుకల వెనకాల అది వచ్చింది. సైప్రస్‌లో 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి ఉంది. ఆ దీవిలో పిల్లిజాతి లేదు, అంటే పడవెక్కించుకుని తెచ్చుకున్నారు. మరిగింది పిల్లి ఒక్కటేనా?

గాజువాక నుంచి:
మరి ఆవు? ఉట్నూరు బూడిదదిబ్బ (ఆదిలాబాద్‌ది కాదు, పాలమూరు వైపుది) 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వితే కంచె గుంజల గుంతలు, గిట్టల అచ్చులు బయటపడ్డాయి. దిబ్బంతా కాలిన పేడే. దొడ్డి కట్టినచోట మరగడం అంటే ఒప్పుకోను.

పెదవాల్తేరు నుంచి:
పొద్దున్న విప్పేస్తే సాయంత్రం తనంతట తను ఇంటికొచ్చే ఆవుని మా నాన్నగారు ‘ఇల్లు మరిగింది’ అనేవారు. కంచె ఉన్నా సరే, అదే మాట.

భీమిలి మాస్టారు:
ఇల్లు మరిగింది, పాలు మరిగింది. ఇంటికి, పాలకి అనం. అమ్మా, హార్బర్లో ఆవిడ ‘నన్ను’ అందా, ‘నాకు’ అందా?

మధురవాడ నుంచి:
‘నన్ను’ అన్నట్టే గుర్తు మాస్టారూ. మరపడవ హారన్లో సరిగా వినపడలేదు. ఆదివారం మళ్ళీ వెళ్తాను.