‘బయోఆర్థోగోనల్’ను తెలుగులో ఏమనాలి?

అనువాదకుడు: కణాల్లో ప్రొటీన్లకు అతుక్కున్న చక్కెరలకు రంగు పట్టించి చూసే పద్ధతిపై ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 2003లో రసాయన శాస్త్రవేత్త కరోలిన్ బెర్టోజీ వాడుకలోకి తెచ్చిన ‘బయోఆర్థోగోనల్’ దగ్గర బండి ఆగింది. బయో అంటే జీవ, ఆర్థోగోనల్ అంటే లంబ కదా అని ‘జీవలంబ రసాయనం’ అని రాస్తే, లంబోదరుడికి వేసే మందా అని మా ఆవిడ నవ్వింది.

లెక్కల మాస్టారు: ఆవిడ మాటలో పస ఉంది. సంస్కృతంలో లంబమంటే వేలాడేదే. గోడ కట్టేటప్పుడు దారానికి గుండు కట్టి వదులుతారు చూడండి, ఆ దారం. నేలతో 90 డిగ్రీలు. మన లంబకేంద్రం అక్కడి నుంచి వచ్చిందే. కానీ రసాయన శాస్త్రవేత్తలకు కావలసింది కోణం కాదు. తూర్పుకు ఎంత నడిచినా ఉత్తరానికి అంగుళం కూడా జరగం కదా, ఒకదాని జోలికి ఒకటి పోని ఆ గుణం. ‘లంబ’లో అది వినిపించదు.

పరిశోధక విద్యార్థిని: మాస్టారూ, అచ్చం అదే. మానోసమీన్ అనే చక్కెరకు అజైడ్ తోక తగిలించి కణాలకు పెడతాం. తోకంటే వరసగా మూడు నైట్రోజన్లు, అంతే. కణం దాన్ని సియాలిక్ ఆమ్లమనే మరో చక్కెరగా మార్చుకుని, పైపొర ప్రొటీన్ల చక్కెర గొలుసుల చివర తగిలిస్తుంది. తోకను మాత్రం కణంలో ఏదీ పట్టించుకోదు. తరువాత రంగు కలుపుతాం. దానికి ఎనిమిది కార్బన్ల వలయం ఉంటుంది. అందులో బలవంతంగా వంచిన త్రిబంధం అజైడ్ కనబడగానే దాన్ని పట్టేస్తుంది. కణాలకు విషమైన రాగి ఉత్ప్రేరకం అక్కర్లేదు. మొదటిసారి నేను రంగును సరిగా కడగలేదు, పళ్లెమంతా ఆకుపచ్చగా వెలిగిపోయింది! నా ఓటు ‘అంటీముట్టని రసాయనం’కు.

అనువాదకుడు: భలే. కానీ జతను మాత్రం అంటుకుంటుంది కదమ్మా?

విద్యార్థిని: అవునండీ, సగం అర్థమే వచ్చింది. ‘జీవతటస్థ’ అంటే?

మాస్టారు: తటమంటే ఒడ్డు, తటస్థుడు ఒడ్డున నిలబడి చూసేవాడు. మీ అజైడ్ నదిలోనే ఉంది కదా! పైగా బడి పుస్తకాల్లో తటస్థ ద్రావణమంటే ఆమ్లమూ క్షారమూ కానిది. పిల్లలు తికమకపడతారు.

అనువాదకుడు: అయితే మొదటిసారి ‘కణంతో అంటీముట్టక, తన జతతోనే కలిసే’ అని విప్పి రాసి, ఆపైన బయోఆర్థోగోనల్ అనే ఉంచుతాను. తరువాతి పేరాలో ‘క్లిక్ కెమిస్ట్రీ’ అనే మరో చిక్కుమాట ఉంది, రేపు మళ్లీ వస్తాను.